బాపు రోజూ రాత్రి రేవల్‌చిన్ని పొడి వేసుకుంటున్నాడు, ఆపమంటే వినడు

హన్మకొండ_రవళి
మా బాపుకు 68 ఏళ్లు. మలబద్ధకం ఎప్పటి నుంచో ఉంది. ఈ మధ్య వాకింగ్‌లో కలిసే దోస్తు ఎవరో చెప్పాడని మండీ బజార్ వైపు ఒక జడీబూటీ దుకాణంలో రేవల్‌చిన్ని గడ్డ, అదే జులాబుకు వాడే రుబార్బ్ వేరు, తెచ్చుకున్నాడు. మిక్సీ పట్టించి రోజూ రాత్రి పడుకునే ముందు అర చెంచా, గోరువెచ్చని నీళ్లతో. మొదట్లో బ్రహ్మాండంగా పనిచేసిందన్నాడు. ఇప్పుడేమో ఒక్క రాత్రి మానేసినా కడుపు బంద్ అంటున్నాడు. మూత్రం ముదురు పసుపు, ఒక్కోసారి ఎరుపు. మా అమ్మ కామెర్లు అనుకుని నేల ఉసిరి నూరి పెడుతోంది. రాత్రుళ్లు పిక్కలు పట్టేసి లేచి కూర్చుంటున్నాడు కూడా. బీపీ గోలీ వాడతాడు, షుగర్ లేదు. అడిగితే "చెట్టు వేరే కదనే, ఇంగ్లీషు మందా ఏమన్నానా" అంటాడు.

ఇది ఇన్నాళ్లు వరుసగా వాడొచ్చా? మూత్రం రంగు చూసి భయపడాలా?

గోలీల_దుకాణం
బీపీ గోలీ పేరేంటి? పట్టీ వెనక చూసి రాయండి. అందులో హైడ్రోక్లోరోథయజైడ్ అని గానీ క్లోర్‌థాలిడోన్ అని గానీ ఉందా? ముందు అది తేలాలి.

తోకచుక్క
జులాబు గురించి అడిగితే బీపీ గోలీ పేరు అడుగుతారేంటి. మెడికల్ షాపు వాళ్లకు ఏది చెప్పినా గోలీల మీదికే పోతారు 😀

పరకాల_పటేల్
మా తాత వాడిండు, మా నాయన వాడిండు. ఎవరికీ ఏం కాలే. రేవల్‌చిన్ని, సునాముఖి, సొంటి, సైంధవ లవణం కలిపి డబ్బాలో పెట్టుకునేటోళ్లు. పండగకు మటన్ ఎక్కువ తింటే మర్నాడు రాత్రి ఒక చిటికెడు. అంతే.

నర్సంపేట_నైట్‌డ్యూటీ
పటేల్ గారూ, మీరే చెప్పారు కదా, పండగకు ఒక చిటికెడు అని. రవళి గారి బాపు రోజూ అర చెంచా వేసుకుంటున్నారు. రెండూ ఒకటేనా?

మండీబజార్_మనవడు
మా తాత హకీం. ఆయన దవాఖానా మూతపడి చాలా కాలమైంది గానీ డబ్బాలు, వాటి మీద ఉర్దూ చీటీలు ఇంకా ఇంట్లో ఉన్నాయి. రేవంద్ చీనీ, అంటే ఈ రేవల్‌చిన్నే, యునానీలో చాలా పెద్ద మందు. కాలేయానికి, కడుపుకు రెండింటికీ వాడతారు. షర్బతె దీనార్ అని దొరుకుతుంది కదా, కాస్నీ గింజలు, గులాబీ రేకులతో పాటు అందులో పడేది ఇదే. తాత దీన్ని ఒంటరిగా ఎవరికీ ఇచ్చేవాడు కాదు. కడుపులో మెలిపెడుతుందని సొంటో, సోంపో, గులాబీయో కలిపేవాడు.

అసలు అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఆ దుకాణంలో ఇచ్చింది గడ్డేనా? ముక్కలు ఎలా ఉన్నాయి? చెక్కలాగా, పైన గోధుమ రంగు, లోపల పసుపు నారింజ కలిసి గీతలు గీతలుగా ఉందా? లేకపోతే గట్టి బంక ముక్కలాగా, విరిస్తే గాజులా నున్నగా, నీళ్లు తగలగానే చిక్కటి పసుపు దిగేలా ఉందా?

హన్మకొండ_రవళి
చెక్కలాగానే ఉంది. ఇంకో రెండు ముక్కలు మిగిలాయి, బాగా తేలికగా ఉన్నాయి. ఎందుకలా అడిగారు?

మండీబజార్_మనవడు
అయితే బతికిపోయాం. ఉసారె రేవంద్ అని ఇంకో సరుకు ఉంటుంది. మన దుకాణాల్లో కొందరు రేవల్‌చిన్ని పాలు అని అమ్ముతారు. అది ఈ చెట్టుదే కాదు. గార్సీనియా అనే చెట్టు నుంచి కారే జిగురు, ఒకప్పుడు బొమ్మలేసే వాళ్లు పసుపు రంగుకు వాడేవారు. దాన్ని గడ్డ పొడి లెక్కన అర చెంచా వేసుకుంటే వాంతులు, నీళ్ల విరేచనాలతో నేరుగా ఎమర్జెన్సీకే. మోతాదు మించితే ప్రాణం మీదికి వస్తుంది. దుకాణంలో పిల్లగాళ్లకు తేడా తెలియదు, రెండూ పసుపే, డబ్బా మీద రెంటికీ రేవంద్ అనే ఉంటుంది. తాత ఈ రెండు డబ్బాలను ఒకే అరలో పెట్టనిచ్చేవాడు కాదు.

తోకచుక్క
ఇది నిజంగా భయపెట్టే సంగతి. నవ్వు ఆగిపోయింది.

బీఏఎంఎస్_ఫైనల్
ఆయుర్వేదం వైపు నుంచి కొంచెం. చరకంలో, సుశ్రుతంలో ప్రధానంగా కనిపించే విరేచన ద్రవ్యాలు ఇది కాదు, వేరేవి. సుఖ విరేచనానికి తెగడ వేరు, మృదు విరేచనానికి రేల గుజ్జు శ్రేష్ఠమని చరకుడు అంటాడు. రేవల్‌చిన్ని మన వైద్యంలోకి తర్వాత వచ్చింది, ఎక్కువగా యునానీ దారిలో. ఇప్పుడు అమ్లపర్ణి అని, పీతమూలి అని మన పుస్తకాల్లోనూ ఉంది.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్తా. విరేచనం అంటే రోజూ రాత్రి పొడి మింగడం కాదు. ముందు స్నేహనం (నెయ్యి, నూనె పట్టించడం), స్వేదనం (చెమట పట్టించడం), తర్వాత విరేచనం, ఆ తర్వాత జావతో మొదలుపెట్టి మెల్లగా మామూలు భోజనానికి రావడం. వైద్యుడి దగ్గర, ఒక పద్ధతిలో జరిగే పని అది. నెలల తరబడి ఇంట్లో చేసుకునేదానికి ఆయుర్వేదం అని పేరు పెట్టకండి.

కాజీపేట_జంక్షన్
నాకు డౌటు. ఒకాయన దీన్ని విరేచనాలకు వాడతారంటాడు, ఇంకొకాయన విరేచనాలు ఆపడానికి వాడతారంటాడు. యూట్యూబ్‌లో రెండు రకాల వీడియోలూ ఉన్నాయి. ఏది నిజం?

గోలీల_దుకాణం
రెండూ. గడ్డలో రెండు రకాల సరుకు ఉంది. ఒకటి ఆంత్రాక్వినోన్ల జాతి: సెన్నోసైడ్లు, రెయిన్, ఇమోడిన్, అలో ఇమోడిన్, క్రైసోఫనాల్. ఇవి పేగును కదిలిస్తాయి. రెండోది టానిన్లు, అంటే వగరు. ఇవి బిగదీస్తాయి. మోతాదు బాగా తక్కువైతే వగరుదే పైచేయి, మోషన్ గట్టిపడుతుంది. మోతాదు పెరిగితే జులాబు. జులాబు అయిపోయాక మళ్లీ టానిన్లు బిగించడంతో మర్నాడో ఆ పైరోజో ఇంకా గట్టిగా బంద్ అవుతుంది. రవళి గారి బాపు "ఒక్క రాత్రి మానేస్తే కదలిక లేదు" అనడానికి సగం కారణం ఇది. ఆయనేమో అందుకే మళ్లీ వేసుకుంటారు. అలా గుండ్రంగా తిరుగుతూనే ఉంటారు.

రాత్రి వేసుకుంటే పొద్దున ఎందుకు పనిచేస్తుందో కూడా చెప్తా. సెన్నోసైడ్లు పొట్టలో, చిన్నపేగులో అరగవు. పెద్దపేగు దాకా అలాగే పోతాయి. అక్కడ ఉండే బ్యాక్టీరియా వాటిని విరగ్గొడితే అసలు మందు బయటికి వస్తుంది. అందుకే 6 నుంచి 12 గంటలు పడుతుంది. యాంటీబయాటిక్ కోర్సు వాడిన తర్వాత కొందరికి ఇది సరిగ్గా పనిచేయకపోవడానికి కారణం కూడా ఆ బ్యాక్టీరియా తగ్గడమే.

పరకాల_పటేల్
సెన్నోసైడ్ అంటే సునాముఖి కదా? మేం రెండూ కలిపేటోళ్లం.

గోలీల_దుకాణం
అవును పటేల్ గారూ. సునాముఖి ఆకులో ఉండేదీ అదే. అంటే మీ డబ్బాలో ఒకే పని చేసే మందు రెండుసార్లు పడింది. టీవీలో యాడ్ వచ్చే మలబద్ధకం చూర్ణాలు చాలావాటిలో కూడా సునాముఖే అసలు సరుకు. డబ్బా మీద చిన్న అక్షరాలు చదవండి.

హన్మకొండ_రవళి
పట్టీ చూశా. టెల్మిసార్టాన్ పక్కన హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 అని ఉంది.

గోలీల_దుకాణం
నేను భయపడ్డది ఇదే. ఆ రెండో మందు నీటి గోలీ. మూత్రంలో ఉప్పుతో పాటు పొటాషియం కూడా పోతుంది. రోజూ జులాబు అయితే మోషన్‌లో కూడా పొటాషియం పోతుంది. రెండు తలుపులూ తెరిచిపెట్టారు. టెల్మిసార్టాన్ కొంచెం వెనక్కి పట్టి ఉంచుతుంది కానీ దాని మీద ధీమా పెట్టుకోలేం. పిక్కలు పట్టేయడం, నీరసం, గుండె దడ, ఇవన్నీ పొటాషియం తగ్గితే వచ్చేవే. రేపే రక్తంలో లవణాలకు సీరమ్ ఎలక్ట్రోలైట్స్, కిడ్నీలకు క్రియాటినిన్ పరీక్ష చేయించండి. పొడి ఈ రాత్రి నుంచే ఆపండి. బీపీ గోలీ మాత్రం మీ అంతట మీరు ఆపకండి, అది డాక్టరే చెప్పాలి.

గుండెకు డిగాక్సిన్ వాడే వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీకు ఇంకా ప్రమాదం. పొటాషియం తగ్గితే డిగాక్సిన్ విషంలా పనిచేస్తుంది.

నర్సంపేట_నైట్‌డ్యూటీ
మా వార్డులో ఈ కథ కొత్తది కాదు. పెద్దవాళ్లు నీరసం, కాళ్లు లాగడం అని వస్తారు. ఏం మందులు వాడుతున్నారంటే బీపీది, షుగర్‌ది అంటారు. చూర్ణం సంగతి చెప్పరు, ఎందుకంటే వాళ్ల లెక్కలో అది మందే కాదు. ఇంటి నుంచి క్యారేజీ తెచ్చే కోడలో మనవరాలో చెప్తే తెలుస్తుంది. రవళి గారూ, డాక్టరు దగ్గరికి ఆ పొడి డబ్బా, మిగిలిన ముక్కలు కూడా పట్టుకెళ్లండి.

తోకచుక్క
గోలీల దుకాణం గారూ, మొదట్లో నేను వేసిన జోకు వెనక్కి తీసుకుంటున్నా. బిల్లు మాత్రం కట్టను.

హన్మకొండ_రవళి
రేపు పొద్దున తీసుకెళ్తా. మూత్రం రంగు సంగతి ఎవరూ చెప్పలేదు?

బీఏఎంఎస్_ఫైనల్
గడ్డలోని ఆ రంగు పదార్థాలే మూత్రంలో దిగుతాయి. పసుపు నుంచి ఎర్రటి గోధుమ దాకా ఉండొచ్చు. దానంతట అది హాని కాదు, పొడి ఆపితే పోతుంది. కానీ దీనివల్లే కదా అని వదిలేయడమూ తప్పే, అసలు కామెర్లుంటే ఈ రంగు వెనక దాక్కుంటాయి. కళ్లలో తెల్లగుడ్డు చూడండి. అది పచ్చబడితే పొడి మీద నెట్టలేం. రక్తం ఇచ్చేటప్పుడు కామెర్లు తేల్చే బిలిరుబిన్ కూడా చూడమని అడగండి, అమ్మకు మనశ్శాంతి.

దర్రీ_రంగులు
నేను మందుల మనిషిని కాదు, కొత్తవాడలో దర్రీలకు రంగులేసే ఇంట్లో పుట్టా. రేవల్‌చిన్ని అంటే మాకు రంగు సరుకు. లద్దాఖ్‌లో, టిబెట్ వైపు ఊలుకు ఈ వేరుతోనే పసుపు వేస్తారు. పటిక పెడితే బంగారు పసుపు, క్షారం తగిలితే ఎరుపు వైపు తిరుగుతుంది. అందుకే కల్తీ పట్టుకోవడం కూడా తేలిక: చిటికెడు పొడిలో కొంచెం సున్నపు తేట పోయండి. ఎర్రబడితే అసలుది.

మండీబజార్_మనవడు
ఆగండాగండి. సున్నం పోస్తే పసుపు కూడా ఎర్రబడుతుంది కదా! మన పెళ్లిళ్లలో పారాణి ఎలా చేస్తారు? పసుపులో సున్నమే. రేవల్‌చిన్ని పొడిలో కల్తీ చేసేది ముఖ్యంగా పసుపునే. ఈ పరీక్షలో దొంగ, దొర ఇద్దరూ పాసవుతారు.

దర్రీ_రంగులు
ఏనుమాముల మార్కెట్ పక్కన ఉండి పసుపు సంగతి మరిచిపోతానా అని మా ఆవిడ నవ్వుతోంది. మరి ఎలా కనిపెట్టాలి?

మండీబజార్_మనవడు
పొడి కొనకపోవడమే. ముక్క కొనాలి. తాత ఒక చిన్న ముక్క ముందు పళ్లతో కొరికి చూసేవాడు. అసలు గడ్డ అయితే పళ్ల కింద సన్నటి ఇసుకలా కరకరలాడుతుంది, ఉమ్ము పసుపవుతుంది, చేదు వగరు కలిసిన రుచి. పసుపు కొమ్ములో ఆ కరకర ఉండదు. పురుగు తొలిచిన ముక్క, లోపల నల్లబడిన ముక్క పక్కన పడేసేవాడు.

బీఏఎంఎస్_ఫైనల్
ఆ కరకర కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. మైక్రోస్కోప్ కింద పెడితే ముళ్ల బంతుల్లా కనిపిస్తాయి, ప్రాక్టికల్స్‌లో గీశాం. పసుపులో అయితే పిండి పదార్థం ముద్దలు కనిపిస్తాయి. ల్యాబులో రెంటినీ విడదీయడం నిమిషాల పని.

కాజీపేట_జంక్షన్
ఈ గడ్డను మన దగ్గర పండించొచ్చా? రెండెకరాలు ఖాళీగా ఉంది. పత్తితో విసిగిపోయా.

రిటైర్డ్_సుబేదార్
వద్దు బాబూ. నేను సర్వీసులో ఉన్నప్పుడు ఉత్తరాఖండ్‌లో చమోలీ వైపు చూశా. పది వేల అడుగులు దాటిన చోట, మంచు కరిగే వాలుల్లో పెద్ద పెద్ద ఆకులతో పెరుగుతుంది. అక్కడ డోలూ అంటారు. దెబ్బ తగిలి వాచినా, బెణికినా ఊరోళ్లు ఆ వేరు నూరి పట్టు వేసేవాళ్లు. నాకు మడమ బెణికినప్పుడు వేశారు. రెండ్రోజులు కాలు పసుపుపచ్చగా ఉంది, వాపు దానివల్ల తగ్గిందో, నడవకుండా కూర్చున్నందుకు తగ్గిందో చెప్పలేను. మన ఓరుగల్లు మే నెల ఎండకు ఆ మొక్క ఒక్క వారం నిలవదు. పైగా వేరు మందుకు పనికిరావాలంటే మొక్కకు కొన్నేళ్ల వయసు ఉండాలి. కొండల్లో తవ్వి తవ్వి అక్కడే తగ్గిపోతోందని వాళ్ల బాధ.

కాజీపేట_జంక్షన్
చీనీ అంటే చైనా సరుకు అనుకున్నా.

రిటైర్డ్_సుబేదార్
చైనాది వేరే జాతి. మన బజార్లో దొరికేది చాలావరకు హిమాలయాలదే.

మండీబజార్_మనవడు
చైనాలో దీన్ని దా హువాంగ్ అంటారు. అక్కడివి రెయమ్ పాల్మేటమ్, టాంగుటికమ్, అఫిసినాలే. మనది రెయమ్ ఆస్ట్రేల్, పాత పేరు ఇమోడి. ఇమోడిన్ అనే పేరు దాన్నుంచే. చైనా వాళ్ల దగ్గర నాకు నచ్చింది దాన్ని తయారుచేసే పద్ధతి. పచ్చిగా ఎండబెట్టిన వేరైతే గట్టి జులాబు. సారాయిలో కలిపి ఆవిరి మీద ఉడికిస్తే జులాబు గుణం బాగా తగ్గుతుంది. మాడ్చి నల్లగా చేస్తే రక్తం ఆపడానికి వాడతారు. కషాయంలో కూడా జులాబు కావాలంటే చివర్లో వేసి దించేస్తారు, ఎక్కువసేపు మరిగిస్తే ఆ గుణం పోతుంది. అంటే "నేను పొడి వేసుకున్నా, ఆయన కషాయం తాగాడు, నాకే ఎందుకిలా అయింది" అన్నదానికి జవాబు పొయ్యి దగ్గరే ఉంది.

తోకచుక్క
దీని చరిత్ర తెలుసా ఎవరికైనా? 1839లో నల్లమందు గొడవప్పుడు చైనా అధికారి లిన్ జెషు విక్టోరియా రాణికి లేఖ రాశాడు. మా తేయాకు, మా రేవల్‌చిన్ని లేకపోతే మీ జనం బతకలేరు అన్న అర్థంలో ఉంటుంది అందులో. ఇవి ఆపేస్తే తెల్లవాళ్లు కడుపు బిగిసి దారికొస్తారని అప్పట్లో చైనాలో చాలామంది నమ్మకం. మలబద్ధకంతో యుద్ధం గెలుద్దామనుకున్నారన్నమాట 😂

రష్యా వాళ్లయితే చైనాతో 1727 ఒప్పందం తర్వాత క్యాఖ్తా అనే సరిహద్దు ఊరు నుంచి దీన్ని సర్కారు గుత్తాధిపత్యంలో కొనేవాళ్లు. అక్కడ ముక్క ముక్కా తనిఖీ చేసేవాళ్లు, బాగోలేనిది తగలబెట్టేవాళ్లు. మన దుకాణాల్లో అలాంటి తనిఖీ ఉంటే ఎంత బాగుండు.

ములుగు_మేనక
ముఖం మీద మంగు మచ్చలకు రేవల్‌చిన్ని పొడి పాలలో కలిపి రాయమని వాట్సాప్‌లో వచ్చింది. ఎవరైనా రాశారా?

నర్సంపేట_నైట్‌డ్యూటీ
మా చెల్లెలు రాసింది. మచ్చ ఎంత తగ్గిందో తెలియదు గానీ బుగ్గ ఎర్రగా కందిపోయి ఎండలోకి వెళ్లలేకపోయింది. మంగుకు ముందు ఎండ తగలకుండా చూసుకోవాలి. ఏదైనా రాసేముందు మోచేతి లోపల కొంచెం రాసి ఒక రోజు చూడండి.

ములుగు_మేనక
ఇంకొకటి. మా పాపకు ఎనిమిదో నెల. అమ్మ వస కొమ్ము, కరక్కాయ, జాజికాయ సాన మీద అరగదీసి పాప చేత నాకిస్తుంది. మోషన్ గట్టిగా వస్తోందని రేవల్‌చిన్ని కూడా ఒక గీత కలుపుదామంటోంది.

గోలీల_దుకాణం
వద్దు. పన్నెండేళ్లలోపు పిల్లలకు ఇది వాడొద్దని జాగ్రత్తల్లో స్పష్టంగా ఉంటుంది. పసిపిల్లలకు రెండు విరేచనాలైతేనే ఒంట్లో నీరు పోతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా వద్దు, పాలలోకి కొంత దిగుతుంది. మీరు పాలిస్తున్నారు కాబట్టి మీకూ వద్దు. ఘనాహారం మొదలుపెట్టాక మోషన్ గట్టిపడటం మామూలే, పిల్లల డాక్టరును అడగండి.

పరకాల_పటేల్
అన్నిటికీ వద్దు వద్దు అంటే ఈ మందు ఎందుకు పుట్టినట్టు? రెండు వేల ఏళ్లుగా చైనాలో వాడుతున్నారు, హకీములు వాడారు, ఇంగ్లీషోళ్లూ వాడారు. మీ గోలీలకు సైడ్ ఎఫెక్ట్స్ లేవా?

గోలీల_దుకాణం
ఉన్నాయి పటేల్ గారూ, అందుకే పట్టీ మీద రాస్తారు. నేను ఇది పనికిరాదు అనడం లేదు. బాగా పనిచేస్తుంది కాబట్టే జాగ్రత్త అంటున్నా. ఇంగ్లీషు వాళ్ల గ్రెగరీ పౌడర్‌లో ఇదే ఉండేది, రేవల్‌చిన్ని, మెగ్నీషియా, సొంటి. అప్పుడప్పుడు వచ్చే మలబద్ధకానికి, కొద్ది మోతాదులో, వారం, మహా అయితే రెండు వారాలు, అంతవరకే. పేగులో అడ్డంకి, అపెండిక్స్ నొప్పి, కారణం తెలియని కడుపునొప్పి, పేగుపూత ఉంటే అసలు ముట్టుకోకూడదు. కడుపునొప్పి వచ్చిందని జులాబు వేసుకుని అపెండిక్స్ పగలగొట్టుకున్న వాళ్లున్నారు.

చాయ్_బిస్కట్
నా సంగతి చెప్తా. నేను వాడింది సునాముఖి చూర్ణం, ఏళ్ల తరబడి. వేరే కారణంతో కొలనోస్కోపీ చేశారు. పెద్దపేగు లోపల గోడంతా నల్లగా, మచ్చలు మచ్చలుగా ఉంది. స్క్రీన్ మీద చూసి క్యాన్సర్ అనుకుని ఇంటికి ఫోన్ కూడా చేశా. మెలనోసిస్ కోలై అట, ఈ జాతి మందులు ఎక్కువ కాలం వాడితే వచ్చే రంగు. మానేస్తే నెలల్లో పోతుందన్నారు. మానేశా. ఆ తర్వాత రాత్రి ఇసబ్‌గోల్, పగలు నీళ్లు, పొద్దున కూర్చునే టైం తప్పకుండా పాటించడం. మొదటి రెండు వారాలు నరకం. ఇప్పుడు పర్లేదు.

కాజీపేట_జంక్షన్
క్యాన్సర్ అంటే గుర్తొచ్చింది, ఇమోడిన్ క్యాన్సర్ కణాలను చంపుతుందని ఒక వీడియో చూశా.

బీఏఎంఎస్_ఫైనల్
గాజు పళ్లెంలో పెంచిన కణాల మీద. నోటితో మింగితే ఇమోడిన్‌లో రక్తంలోకి చేరేది చాలా తక్కువ, పేగులో, కాలేయంలోనే మారిపోతుంది. పళ్లెంలో చంపేవి బోలెడున్నాయి, సబ్బు నీళ్లు కూడా చంపుతాయి. మనుషుల మీద కొంచెం ఎక్కువ చూసింది కిడ్నీ జబ్బులో, అదీ చైనాలో. 2012లో వైద్య ప్రయోగాలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ వాళ్లు ఆ ప్రయోగాలన్నీ కలిపి చూసి, కొంత మేలు కనిపిస్తున్నా ప్రయోగాలు చిన్నవి, నాణ్యత తక్కువ, వీటి మీద ఆధారపడి సిఫారసు చేయలేం అని తేల్చారు. కాబట్టి డయాలసిస్ దగ్గర ఉన్నవాళ్లు దీన్ని పట్టుకుని వేలాడొద్దు.

హన్మకొండ_రవళి
రిపోర్టు వచ్చింది. పొటాషియం 3.1, మామూలుగా 3.5 పైన ఉండాలట. బిలిరుబిన్ నార్మల్, క్రియాటినిన్ కూడా బాగానే ఉంది. డాక్టరు ఈసీజీ తీశారు, పర్లేదన్నారు. నీటి మందు లేని బీపీ గోలీకి మార్చారు, పొటాషియం సిరప్ కొన్నాళ్లకు రాశారు. పొడి డబ్బా చూపిస్తే ఆయన వాసన చూసి, ఇది మా నాన్నా వాడేవారు అన్నారు! తిట్టలేదు, రోజూ వద్దు అన్నారంతే. బాపు నా మాట వినలేదు గానీ ఆయన మాటకు తలూపాడు.

ఇప్పుడు కొత్త గొడవ. పొడి ఆపాక కడుపు పూర్తిగా బంద్. ఏం పెట్టాలి?

చాయ్_బిస్కట్
ఓపిక పట్టమనండి. ఇసబ్‌గోల్ మొదలుపెడితే నీళ్లు తప్పకుండా ఎక్కువ తాగాలి, లేకపోతే అదే గడ్డకట్టి కూర్చుంటుంది.

నర్సంపేట_నైట్‌డ్యూటీ
మోషన్ మెత్తబరిచే లాక్టులోజ్ సిరప్ గురించి ఆ డాక్టర్నే అడగండి, పెద్దవాళ్లకు మామూలుగా ఇస్తాం. జొన్న రొట్టె, తోటకూర, జామపండు. పళ్లు లేవని పాలన్నంతో సరిపెట్టే పెద్దవాళ్లకు మలబద్ధకం రాక ఏం చేస్తుంది? ఇంకోటి, ఆయన క్యాల్షియం గోలీలు, ఐరన్ గోలీలు ఏమన్నా వాడుతున్నారా? అవి కూడా బిగదీస్తాయి. కొత్తగా మలబద్ధకం పెరిగినా, రక్తం పడినా, బరువు తగ్గినా మాత్రం ఇంట్లో వైద్యం వద్దు, పరీక్ష చేయించాలి.

బీఏఎంఎస్_ఫైనల్
త్రిఫల అడుగుతారేమో, దానికీ ఆ డాక్టరుకు చెప్పాకే. మన అడవుల్లో రేల చెట్టు ఎంత ఉందో, కాయ గుజ్జు మెత్తని జులాబు. అయితే అదీ ఇదే జాతి రసాయనాల మీద నడుస్తుంది. అది మనదీ, ఇది హిమాలయాలదీ అన్న తేడా పేగుకు తెలియదు. రోజువారీకి అదీ వద్దు.

తోకచుక్క
రేవల్‌చిన్ని ఆకుతో పులుసు చేస్తారా? ఫారిన్‌లో దీంతో తీపి వంటకాలు చేస్తారని చూశా.

రిటైర్డ్_సుబేదార్
వాళ్లు తినేది కాడ. గోంగూరలా పుల్లగా ఉంటుంది, కొండల్లో చట్నీ చేస్తారు. ఆకు మాత్రం విషం, ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్‌లో కూరగాయల కరువొచ్చి ఆకు కూడా తినమని చెప్తే కొందరికి విషమెక్కింది.

పరకాల_పటేల్
ఆక్సాలిక్ అంటే గుర్తొచ్చింది. నాకు కిడ్నీలో రాయి వచ్చి పోయింది, ఆక్సలేట్ రాయి అన్నారు. మా డబ్బాలో చూర్ణం ఇంకా ఉంది. అప్పుడప్పుడు చిటికెడు వేసుకుంటే కూడా తప్పేనా?

గోలీల_దుకాణం
మీకు వద్దు పటేల్ గారూ. గడ్డలోనూ ఆక్సలేట్ ఉంది, పైగా జులాబైతే ఒంట్లో నీరు తగ్గి మూత్రం చిక్కబడుతుంది, రాయికి రెండూ అనుకూలమే. పండగ మర్నాడు మజ్జిగ తాగండి, నడవండి. అప్పటికీ కాకపోతే మీ యూరాలజిస్టును అడిగి వేరేది తీసుకోండి.

పరకాల_పటేల్
మజ్జిగ సరే. మటన్ తగ్గించమని మాత్రం అనకు.